కంప్యూటరును ఎన్నుకొనుట ఎట్లు?

ప్రయోగశాలకు త్రాసు కొనునపుడు అది ఎంత సూక్ష్మముగా తూచునో ఉపాధ్యాయుడు విచారించును. సూక్ష్మదర్శిని కొనునపుడు అది వస్తువును ఎన్ని రెట్లు పెంచి చూపునో అడుగును. కంప్యూటరు వద్దకు వచ్చుసరికి మాత్రము అట్టి విచారణ తరచుగా జరుగదు. పెట్టెపై అంటించిన చీటీని, దుకాణదారు చెప్పిన రెండు మూడు అంకెలను నమ్మి సొమ్ము చెల్లించుట పరిపాటియైనది. తుని వంటి పట్టణములో ఒక ఉన్నత పాఠశాలకు కంప్యూటరు వచ్చుచున్నదనిన, దాని వెనుక పూర్వవిద్యార్థుల చందాలో, దాతల విరాళమో ఉండును. ఒక విద్యార్థి యింటికి వచ్చుచున్నదనిన, ఆ కుటుంబము కొన్ని నెలలపాటు కూడబెట్టిన సొమ్ము ఉండును. ఆ సొమ్ము మరల మరల దొరకునది కాదు. మామిడికాలములో పైరంగు మాత్రమే చూచి పండు కొనినవారి గతి ఈ ప్రాంతమువారికి వేరుగా చెప్పనక్కరలేదు. కంప్యూటరు మీది చీటీయు అట్టి పైరంగే. లోపలనున్నదేమో తెలిసికొనుటకు గొప్ప పాండిత్యము అక్కరలేదు. పదవతరగతి గణితము, భౌతికశాస్త్రము చాలును.

గోదావరి సీమతో చుట్టరికము

ఈ యంత్రము మనకు పరాయిది కాదు. పశ్చిమగోదావరి జిల్లా మోగల్లు గ్రామమున 1914లో జన్మించిన శ్రీ అయ్యగారి సాంబశివరావుగారు మనదేశపు ఎలక్ట్రానిక్సు పరిశ్రమకు పునాది వేసినవారిలో ముఖ్యులు. 1967లో హైదరాబాదున ప్రభుత్వరంగ సంస్థగా ఏర్పడిన ఎలక్ట్రానిక్సు కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అనగా ఇ.సి.ఐ.ఎల్., వారి కృషి ఫలమే. ట్రాంబేలోని అణుశక్తి పరిశోధకులు రూపొందించిన టి.డి.సి.-12 అను కంప్యూటరును ఆ సంస్థ 1969లో వెలువరించినది. ఒక తరమువారికి ఇ.సి. టెలివిజను పేరు సుపరిచితమే. అదియు ఆ కర్మాగారమునుండి వచ్చినదే.

టి.డి.సి.-12 లోని 12 అను అంకె ఆ యంత్రము ఒక్కమారుగా చేపట్టు బిట్ల సంఖ్యను తెలుపును. బిట్ అనగా సున్న గాని ఒకటి గాని కాగల ఒక గుర్తు. పండ్రెండు బిట్లతో 2ను పండ్రెండుమార్లు గుణించగా వచ్చు 4,096 వేర్వేరు సంఖ్యలను తెలుపవచ్చును. ఇప్పటి సామాన్యపు కంప్యూటరు 64 బిట్లను ఒక్కమారుగా చేపట్టగలదు.

ఎనిమిది బిట్లు కలిసిన ఒక బైటు. తెలుగు లిపిలోని ఒక్కొక్క గుర్తును నేడు సాధారణముగా మూడు బైట్లలో భద్రపరచుదురు. "తుని" అను మాటలో త, ఉకారపు కొమ్ము, న, ఇకారపు గుడి అను నాలుగు గుర్తులు కలవు. కావున మన ఊరి పేరు పండ్రెండు బైట్లను ఆక్రమించును. రెండువేల గుర్తులుగల ఒక పుటకు ఆరువేల బైట్లు పట్టును. నూరుకోట్ల బైట్లు ఒక గిగాబైటు. అట్టి గిగాబైటులో ఇటువంటి పుటలు లక్షా అరువదివేలకు పైగా ఇముడును. పాఠములు వ్రాసికొనుటకు ఇంత చోటు అక్కరలేదు. చోటును మ్రింగునవి ఛాయాచిత్రములు, చలనచిత్రములు.

పెండ్లివంట

కంప్యూటరులో ముఖ్యాంగములు మూడు: ప్రాసెసరు, ర్యాము, నిల్వసాధనము. వీని సంబంధము తెలియుటకు పెండ్లి వంటశాలను తలచుకొనవలెను. వంట చేయువాడు ప్రాసెసరు. అతని ప్రక్కన తరిగిన కూరలు, కొలిచిన దినుసులు పరచిన చాప ర్యాము. వీధి చివరనున్న కొట్టుగది నిల్వసాధనము. చాప ఇరుకైనచో ప్రతి దినుసుకును ఒకడు కొట్టుగదికి పరుగెత్తవలెను. వాడు తిరిగివచ్చువరకు ఎంతటి నేర్పరియైన వంటవాడైనను గరిటె పట్టుకొని కూర్చుండవలసినదే. వంట ముగిసిన పిదప చాప ఎత్తివేయుదురు. అట్లే విద్యుత్తు ఆగినంతనే ర్యాములోనిది మాసిపోవును. కొట్టుగదిలోనిది నిలిచియుండును.

దీనినిబట్టి ఒక సూత్రము తేలుచున్నది. యంత్రపు వేగము దాని అంగములలో మిక్కిలి మందమైనదానిపై ఆధారపడును. ఒక అంగమునకు అధికముగా వ్యయము చేసి, మరియొకదానిని ఎండగట్టినచో ఆ వ్యయము వృథా.

కొట్టుగది ఎంత దూరము?

నిల్వసాధనములు రెండు విధములు. పాతదగు హార్డ్ డిస్కులో అయస్కాంతపు పూతగల పళ్ళెము తిరుగుచుండును. ఒక చిన్న చేయి దానిపై అటునిటు కదలుచు వ్రాతను చదువును. సాధారణపు డిస్కు నిముషమునకు 7,200 మార్లు, అనగా సెకండుకు 120 మార్లు తిరుగును. ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకండ్లు పట్టును. కావలసిన భాగము చేతిక్రిందికి వచ్చుటకు సగటున అరచుట్టు, అనగా 4 మిల్లీసెకండ్లు పట్టును. చేయి సరియైన వలయమునకు చేరుటకు మరి 9 మిల్లీసెకండ్లు. మొత్తము 13. కావున అక్కడక్కడ చెదరియున్న చిన్న తునకలను ఈ డిస్కు సెకండునకు సుమారు డెబ్బదియైదు మాత్రమే తీసికొనిరాగలదు.

రెండవదగు ఎస్.ఎస్.డి.లో కదలు భాగమే లేదు. అందు సిలికాను చిప్పులలో విద్యుదావేశమును బంధించి గుర్తులను నిలుపుదురు. తునక ఒక్కింటికి పట్టుకాలము ఒక మిల్లీసెకండులో పదవవంతు మాత్రమే. కంప్యూటరు మేల్కొనుటకు పదివేల తునకలు కావలెననుకొందము. హార్డ్ డిస్కునకు రెండు నిముషములకు పైగా పట్టును. ఎస్.ఎస్.డి.కి ఒక సెకండు చాలును.

ర్యాము వీనిరెంటికంటె ఎంతయో చురుకైనది. అది సుమారు నూరు నానోసెకండ్లలో జవాబిచ్చును. ఆ కాలమును ఒక సెకండుగా సాగదీసి చూచినచో, ఎస్.ఎస్.డి. పదునేడు నిముషములకు, హార్డ్ డిస్కు ఒకటిన్నర దినమునకు జవాబిచ్చినట్లగును. పాఠశాలలో ఒక పాత యంత్రము మందముగా నడచుచున్నచో దానిని పారవేయుటకు పూర్వము హార్డ్ డిస్కును తీసి ఎస్.ఎస్.డి.ని అమర్చి, ర్యామును పెంచి చూడవలెను. క్రొత్త యంత్రపు ధరలో కొద్దిభాగముతోనే పని నెరవేరవచ్చును. ఐనను హార్డ్ డిస్కు పూర్తిగా నిరుపయోగమని తలపరాదు. తక్కువ ధరకు ఎక్కువ చోటు నిచ్చునది అదియే. చలనచిత్ర పాఠములను దాచుటకు అది తగినది.

ఇక్కడ విద్యార్థులు తరచు అడుగు ప్రశ్న ఒకటి కలదు. 500 గిగాబైట్ల డిస్కు కొనిన కంప్యూటరు 465 అనియే చూపును. మోసము జరిగినదా? జరుగలేదు. తయారుచేయువాడు నూరుకోట్ల బైట్లను ఒక గిగాబైటుగా లెక్కించును. విండోసు 1,024ను మూడుమార్లు గుణించగా వచ్చు 107,37,41,824 బైట్లను ఒకటిగా లెక్కించును. భాగహారము చేసినచో 465.66 వచ్చును. వస్తువు ఒకటే, కుంచము మారినది. ఐతే నిజమైన మోసమును కలదు. అతిచౌకగా అమ్మబడు కొన్ని పెన్‌డ్రైవులు తమలో లేని చోటును ఉన్నట్లు చూపును. వానిని నిండుగా నింపి, తిరిగి చదివి చూచిననే నిజము బయటపడును.

పేరులోని తరము

ప్రాసెసరు విషయమున జనులు మోసపోవునది పేరువలన. "ఐ7 అండి, అన్నిటికంటె పెద్దది" అని చెప్పి పాత యంత్రములను అమ్మువారు కలరు. ఇంటెల్ సంస్థ ఐ7 పేరుగల ప్రాసెసరును మొదట 2008లో వెలువరించినది. నాటినుండి తరములు మారినను పేరు అదియే నిలిచినది. తరమును తెలుపునది ఆ పేరు తరువాత వచ్చు సంఖ్య. ఐ7-2600 అనిన 2తో మొదలైనది కావున రెండవతరము. ఐ3-12100 అనిన సంఖ్యలో ఐదు అంకెలున్నవి కావున మొదటి రెండింటినిబట్టి పండ్రెండవతరము. 2023 చివర వచ్చిన నమూనాలనుండి ఆ సంస్థ పేర్ల పద్ధతిని మార్చినది. కావున క్రొత్తవానిలో నమూనా వెలువడిన సంవత్సరమునే అడుగుట మేలు.

ఈ రెంటిని పోల్చి చూతము. ఐ7-2600 వెలువడినది 2011లో; ఐ3-12100 వెలువడినది 2022లో. రెంటను నాలుగేసి కోర్లు కలవు. అనగా నలుగురేసి వంటవాండ్రు. మూలవేగము మొదటిదానికి 3.4 గిగాహెర్ట్‌జులు, రెండవదానికి 3.3. అనగా మొదటిది సెకండునకు 340 కోట్లు, రెండవది 330 కోట్లు తాళములు వేయును. అంకెను మాత్రమే చూచినవాడు మొదటిదియే మిన్న యనును. వాస్తవమునకు రెండవదియే ఎక్కువ పనిచేయును. ఎందుచేతననగా, ఒక్కొక్క తాళములో అది చేయు పని అధికము. ఇద్దరు ఒకే తాళమునకు నడచినను, పెద్ద అంగ వేయువాడు ముందు చేరును. అంతియే కాక మొదటిదాని ఉష్ణపరిమితి 95 వాట్లు, రెండవదాని మూలపరిమితి 60 వాట్లు. చిన్నపేరుగల క్రొత్తది తక్కువ వేడితో ఎక్కువ పని నిచ్చుచున్నది.

తరము తెలియకపోయిన మరియొక చిక్కు కలదు. 2021లో వెలువడిన విండోసు 11కు 4 గిగాబైట్ల ర్యాము, 64 గిగాబైట్ల నిల్వ, టి.పి.ఎమ్. 2.0 అను భద్రతాసాధనము కావలెను. ఇంటెల్ ప్రాసెసర్లలో సామాన్యముగా ఎనిమిదవతరము, ఆపైవానినే అది అంగీకరించును. విండోసు 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసినది. కావున రెండవతరపు యంత్రమును కొనినవానికి భద్రతా సవరణలు లేని విండోసు మిగులును, లేదా వేరు మార్గము చూచుకొనవలెను. ఆ మార్గము లినక్సు. అది ఉచితముగా లభించును, పాత యంత్రములపై నడచును, తెలుగును చక్కగా చూపును. పాఠశాలలో ముందే ఉన్న పాత యంత్రములను ఈ విధముగా బ్రతికించుకొనుట తెలివి. అట్టివానిని క్రొత్తగా సొమ్మిచ్చి కొనితెచ్చుకొనుట తెలివి కాదు.

విద్యుత్తు, తేమ

బల్లపై నుండు కంప్యూటరు తెరతో కలిసి, సామాన్యపు పనిలో సుమారు 80 వాట్లు తీసికొనుననుకొందము. దానికి 600 వి.ఎ. యు.పి.ఎస్. తెత్తురు. వోల్టులను ఆంపియర్లతో గుణించిన వి.ఎ. వచ్చును. అది వాట్లతో సమానము కాదు. అట్టి పెట్టె సాధారణముగా 360 వాట్లకు మించి మోయలేదు. ఎంతసేపు మోయుననునది బాటరీనిబట్టి యుండును. లోపలి బాటరీ 12 వోల్టులు, 7 ఆంపియర్‌గంటలైనచో అందలి శక్తి 84 వాట్‌గంటలు. లెక్కకు గంటసేపు రావలెను. కాని వేగముగా పిండినపుడు సీసపు బాటరీ తన శక్తినంతయు ఈయదు. మార్పిడిలో కొంత నష్టమగును. అందు సగము వచ్చినను గొప్పయే. వ్రాసినది భద్రపరచి యంత్రమును ఆపుటకు ఆ కాలము చాలును. పాఠము చెప్పుటకు చాలదు.

లాప్‌టాపు 15 వాట్లతో నడచి, దాని బాటరీ 50 వాట్‌గంటలదైనచో మూడుగంటలకు పైగా పనిచేయును. దాని ఛార్జరుపై "100-240 వోల్టులు" అని యున్నచో వోల్టేజి కొంత తగ్గినను పెరిగినను అది సరిపెట్టుకొనును. వేరుగా స్టెబిలైజరు అక్కరలేదు. కరెంటు తరచుగా పోవు ఊరిలో లాప్‌టాపునకు ఇది గొప్ప మేలు. కాని బల్లకంప్యూటరులో ఏ భాగము చెడిన ఆ భాగమును మార్చవచ్చును. కొన్ని లాప్‌టాపులలో ర్యామును పలకకే అతికివేయుదురు; తరువాత పెంచుట సాధ్యము కాదు. "ర్యామునకు ఖాళీచోటు కలదా?" అని కొనుటకు ముందే అడుగవలెను.

ఛార్జరుపై భారత ప్రమాణముల సంస్థ ముద్రయు, 'ఆర్' అను అక్షరముతో మొదలగు నమోదుసంఖ్యయు ఉన్నవేమో చూడవలెను. మూడుకాళ్ళ ప్లగ్గులో పెద్దకాలు భూమితీగకు చేరునది. దానిని విరిచివేసి రెండుకాళ్ళతో పనిజరుపుట ప్రాణాపాయము. సముద్రతీరమునకు దాపుననున్న మన పట్టణములలో గాలి తేమగా నుండును. దుమ్ము, తేమ కలిసి లోపలి లోహపు అతుకులను తినివేయును. తాళము వేసిన గదిలో వేసవి సెలవులంతయు ఊరకుంచిన యంత్రము చెడిపోవుట ఇందువలననే. అప్పుడప్పుడు నడిపించుచు, దుమ్ము తుడుచుచుండవలెను. ఉరుములు వచ్చునపుడు తీగను గోడనుండి ఊడదీయవలెను. 2014 అక్టోబరు 12న విశాఖపట్నము వద్ద తీరము దాటిన హుద్‌హుద్ తుపాను మన తీరమునకు ఏపాటి ముప్పు కలదో చూపినది. మార్కుల పట్టికలవంటివానిని రెండు వేర్వేరు చోట్ల భద్రపరచుట మంచిది.

కొనునపుడు పాటింపదగిన వరుస

మొదట పని ఏదో కాగితముపై వ్రాయవలెను. తెలుగు టైపు, లెక్కల పట్టికలు, చలనచిత్ర పాఠములు, కొద్దిపాటి ప్రోగ్రాములు: ఉన్నత పాఠశాలకు కావలసినది ఇంతే. దీనికి ఐ7 అక్కరలేదు. పిదప నిల్వసాధనము ఎస్.ఎస్.డి. యేనా, ర్యాము 8 గిగాబైట్లకు తగ్గకున్నదా, పెంచుటకు చోటున్నదా అని చూడవలెను. తరువాత ప్రాసెసరు తరము. అటుపిమ్మట తెర, విద్యుత్తు ఏర్పాటు, జామీను కాలము, మరమ్మతుచేయువాడు ఊరిలోనే ఉన్నాడా లేక కాకినాడకో విశాఖపట్నమునకో మోసికొనిపోవలెనా అను విషయము. ధర చివరిది.

ప్రాసెసరు పూర్తి సంఖ్యను, ర్యామును, నిల్వసాధనపు జాతిని బిల్లుపై వ్రాయించుకొనవలెను. తరువాత యంత్రమును తెరిపించి, లోపలనున్నది బిల్లులోనున్నదే యని సరిచూడవలెను. ఈ సరిచూచు పనిని విద్యార్థులచేత చేయించినచో, క్రొత్త కంప్యూటరుపై వారు నేర్చిన తొలిపాఠము అదియే యగును.