పాఠశాలలో పరిశుభ్రమైన త్రాగునీరు

బడికి పోయిన బిడ్డ దినమునకు అయిదారు గంటలు అచ్చటనే గడపును. ఆ వేళలో దాహము తీర్చునది ఇంటి నీరు కాదు, బడి నీరు. కావుననే 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము ప్రతి పాఠశాలలోను పిల్లలందరికిని సురక్షితమైన నీరు తగినంత ఉండవలెనని విధించినది. పాఠశాలలలో త్రాగునీటిని, మరుగుదొడ్లను ఆరు నెలలలోగా ఏర్పరుపవలెనని సుప్రీంకోర్టు 2012 అక్టోబరులో ఆదేశించినది. బడులకును, అంగన్‌వాడీలకును కుళాయి నీరు అందించుటకై 2020 అక్టోబరు 2వ తేదీన జల జీవన్ మిషన్ క్రింద నూరు దినముల కార్యక్రమము ఆరంభమైనది.

అయితే కుళాయి వచ్చినంత మాత్రమున నీరు నిర్దోషమని తలంచరాదు. నీటి వలన హాని రెండు విధములుగా కలుగును. ఒకటి సూక్ష్మజీవుల వలన, రెండవది నీటిలో కరిగియున్న లవణముల వలన. రెండును కంటికి కానరావు. ఒకదానికి పనిచేయు ఉపాయము రెండవదానికి పనిచేయకపోవచ్చును.

మొదటిదానికి నగరములోని పాఠశాలను ఉదాహరణముగా గైకొనవచ్చును. ఢిల్లీలోని ఆర్.కె. పురం వంటి ప్రాంతములకు నీరు శుద్ధి కేంద్రములలో వడపోయబడి, క్లోరిన్ కలుపబడి, గొట్టముల ద్వారా చేరును. సాధారణముగా అది దినమంతయు రాదు గనుక ట్యాంకులలో నిలువచేయవలసియుండును. ట్యాంకు మూత సరిగా లేకున్నను, అడుగున మడ్డి పేరుకొన్నను, శుద్ధియైన నీరు మరల చెడును. నిలువయున్నకొలది క్లోరిన్ బలము తగ్గును. క్లోరిన్ కలిపిన నీటిలో, కుళాయి వద్ద, లీటరునకు కనీసము 0.2 మిల్లీగ్రాములు మిగిలియుండవలెనని భారతీయ ప్రమాణము. చిన్న పరీక్షా పెట్టెతో దీనిని కొద్ది నిమిషములలో తెలిసికొనవచ్చును. నీరు చెడినచో అతిసారము, టైఫాయిడు, కామెర్లు ఒక తరగతి నుండి ఊరంతటికి వ్యాపింపగలవు.

రెండవదానికి తెలుగు జిల్లాలే సాక్ష్యము. నెల్లూరు జిల్లాలో నీటిలోని ఫ్లోరైడు వలన ఎముకలు బిగిసి వంగిపోవుచున్నవని 1937లోనే వైద్యులు ప్రకటించిరి. తరువాత నల్లగొండ జిల్లా ఈ వ్యాధికి పేరుమోసినది. పలువరుస ఏర్పడు వయసులో ఇట్టి నీరు త్రాగిన పిల్లల దంతములపై చెరగని మచ్చలు నిలిచిపోవును. ఫ్లోరైడు లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించరాదు. కాచినచో సూక్ష్మజీవులు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరినకొలది దాని పాలు హెచ్చును. పటిక, సున్నము కలిపి దానిని పేర్చి వడగట్టు విధానమునకు 'నల్లగొండ పద్ధతి' అని పేరు. కాని ఆ పాళ్లను దినదినమును తప్పక చూచుకొనవలెను. అందుచేత తెలంగాణలో 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ కృష్ణా గోదావరుల నీటిని శుద్ధిచేసి గొట్టముల ద్వారా గ్రామములకు తెచ్చినది.

నదీజలము వచ్చినను జాగ్రత్త తీరదు. ఆవరణలో పాత చేతిపంపు ఉన్నచో, కుళాయి ఆగిన నాడు పిల్లలు దాని వద్దకే పరుగెత్తుదురు. పరీక్షలో ఫ్లోరైడు హెచ్చని తేలిన పంపుపై "త్రాగరాదు" అని పెద్ద అక్షరములతో వ్రాయించి, కుళాయి రాని దినమునకు వేరు నీరు సిద్ధపరుపవలెను.

ఏర్పాటు నిలుచుటకు కావలసినవి కొద్దియే. ట్యాంకునకు బిగువైన మూత, ఆరు నెలలకొకసారియైనను కడుగుట, వానకాలము ముగియగానే నీటి పరీక్ష, పసివారికి అందు ఎత్తున కుళాయిలు, కుండలో చేయి ముంచకుండ పిడిగల ముంత, మరమ్మతులకు కొంత సొమ్ము. వీటన్నిటికిని బాధ్యుడైన ఒక్క మనిషి ఉండవలెను. అందరి పని యనుకొన్నది ఎవరును చేయరు.

తల్లిదండ్రులు బడికి పోయినపుడు రెండు ప్రశ్నలు వేయవలెను. ట్యాంకు కడిగినది ఎన్నడు? నీటిని పరీక్షించినది ఎన్నడు? ఈ రెండు తేదీలును గోడపై వ్రాసియున్న బడిలో బిడ్డలు నిర్భయముగా దాహము తీర్చుకొనగలరు.