తేటపడ్డ నీళ్ళన్నీ మంచివి కావు

"ఇదేమిటమ్మా, బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది!" అన్నాడు మావాడు, మూడో రోజు పొద్దున్నే బ్రష్షు నోట్లో పెట్టుకుని హాల్లోకి వచ్చి. నిజమే. ముందురోజు దాకా తొట్టిలోంచి అవతలి గోడ కనిపించింది. ఇప్పుడు అందులో చెయ్యి పెడితే నా వేళ్ళే నాకు కనిపించటం లేదు.

మాది పంజాగుట్ట. సముద్రం చూడాలంటే మూడొందల కిలోమీటర్ల పైన పోవాలి. అలాంటి చోట, రెండో అంతస్తు ఫ్లాటులో ఉప్పునీటి అక్వేరియం ఏమిటని పక్కింటి పిన్నిగారు ఇప్పటికీ నవ్వుతారు. మావాడు ఏడో తరగతికి వచ్చినప్పుడు పుట్టినరోజుకి మావారు కొనిచ్చారు. 150 లీటర్ల తొట్టి, రెండు క్లౌన్ చేపలు. 2003లో వచ్చిన 'ఫైండింగ్ నీమో' సినిమా పుణ్యమా అని పిల్లలందరూ ఎరిగిన నారింజరంగు చేపలే. ఏడు నెలలు హాయిగా తిరిగాయి. సంక్రాంతి వెళ్ళిన వారంలో రెండూ పోయాయి. మావాడు రెండు పూటలు అన్నం ముట్టలేదు. తొట్టి బాల్కనీలోకి చేరింది. అందులో ఇసకా, రాళ్ళూ అలాగే ఎండిపోయాయి.

మొన్న వేసవి సెలవుల్లో మళ్ళీ మొదలుపెడతానన్నాడు. పాత ఇసకా పాత రాళ్ళే వేశాం. లీటరుకి 35 గ్రాముల లెక్కన అయిదు కిలోల పైచిలుకు సముద్రపు ఉప్పు కలిపాం. ఇది మన వంటింటి ఉప్పు కాదు, అక్వేరియం కోసం ప్రత్యేకంగా అమ్మేది. పంపు పెట్టాం. మూడో రోజుకి ఈ తెల్లదనం!

సలహాలకేం, బోలెడు. "పటిక తిప్పవే, చిటికెలో తేరుకుంటుంది" అన్నారు పిన్నిగారు. దుకాణం కుర్రాడు "ఈ సీసా వెయ్యండి ఆంటీ, రేపటికి అద్దంలా ఉంటుంది, చేపలు వేసేసుకోవచ్చు" అన్నాడు. పటికతో మట్టి అడుక్కి దిగుతుంది కాని విషం దిగదు. ఈ తేడా నాకు ఒకసారి తెలిసొచ్చింది. అది తరవాత చెబుతాను.

ముందు ఆ తెలుపు ఏమిటో తేల్చుకోవాలి. ఒక గాజుగ్లాసులో ఆ నీళ్ళు తీసి రాత్రంతా కదపకుండా ఉంచండి. తెల్లారేసరికి అడుగున పొడి పేరుకుంటే అది ఇసక దుమ్ము, లేదా సరిగా కరగని ఉప్పు. ఒకటి రెండు రోజుల్లో అదే సర్దుకుంటుంది. పాలలాగే ఉండిపోతే అది సూక్ష్మజీవుల పని. పచ్చగా ఉందంటే ఎండ తగిలి నాచు పట్టిందన్నమాట. మా గ్లాసు పాలలాగే ఉండిపోయింది.

కారణం మా పాత రాళ్ళే. వాటి రంధ్రాల్లో ఎండిపోయిన జీవులు నీళ్ళు తగలగానే కుళ్ళటం మొదలుపెట్టాయి. ఆ కుళ్ళు తిని ఒక రకం బాక్టీరియా గంటల్లోనే రెట్టింపవుతుంది. నీళ్ళని తెల్లగా చేసేది అదే. కుళ్ళులోంచి అమ్మోనియా పుడుతుంది. చేపకి అది విషం. దాన్ని నైట్రైట్‌గా మార్చేది ఇంకో రకం బాక్టీరియా, ఆ నైట్రైట్‌ని అంతగా హాని చెయ్యని నైట్రేట్‌గా మార్చేది మరొకటి. ఈ రెండూ నిదానస్తులు. రెట్టింపు కావటానికి ఒక్కోదానికి దాదాపు రోజు పడుతుంది. మామూలుగా అంతా కుదురుకోవటానికి నాలుగు నుంచి ఆరు వారాలు. పెరుగు తోడేసి గంటకోసారి మూత తీసి చూస్తే తోడుకుంటుందా?

తోడంటే గుర్తొచ్చింది. బాగా నడుస్తున్న తొట్టిలోంచి గుప్పెడు ఇసక తెచ్చి వేస్తే పని కాస్త త్వరగా అవుతుంది.

అలాగని చేతులు ముడుచుకు కూర్చోకూడదు. తెల్లబడ్డ నీళ్ళలో ప్రాణవాయువు తగ్గుతుంది కాబట్టి పంపు ఆపకూడదు. ఇంగ్లండులో 1846లో ఆనా థిన్ అనే ఆవిడ టార్కీ తీరంలో పగడపు జీవుల్ని ఏరి లండన్ తీసుకెళ్ళింది. సముద్రపు నీళ్ళు పాడవకుండా రోజూ అరగంటకు పైగా తెరిచిన కిటికీ దగ్గర అటూ ఇటూ తిరగపోయించేది, మనం కాఫీ తిరగపోసినట్టు. పోసింది మాత్రం ఇంట్లో పనిమనిషి! మనకి పంపు ఉంది, అంతే తేడా.

ఎనిమిదో రోజు నీళ్ళు తేటపడ్డాయి. మావాడు ఎగిరి గంతేశాడు. "అమ్మా, ఇవాళే చేపలు తెద్దాం!"

పరీక్ష గొట్టంలో చుక్కలు వేసి చూపించాను. పసుపు రావలసింది ముదురు ఆకుపచ్చ వచ్చింది. అంటే నిండా అమ్మోనియా.

"ఇంత తేటగా ఉంటే విషమేమిటమ్మా?"

"అప్పుడూ తేటగానే ఉన్నాయి నాన్నా" అన్నాను. ఏడాదికి పైగా దాచుకున్నది అప్పుడు బయటపెట్టాను. సంక్రాంతికి ఇల్లు దులుపుతూ, వాడు స్కూల్లో ఉన్నప్పుడు, ఫిల్టరు స్పాంజి జిడ్డుగా ఉందని కుళాయి కింద సబ్బు పెట్టి తెల్లగా ఉతికేశాను. ఇసక కూడా కడిగేశాను. ఆ జిడ్డులోనే ఉంది చేపల్ని కాపాడే బాక్టీరియా. సబ్బూ, కుళాయి నీళ్ళలోని క్లోరినూ కలిసి దాన్ని చంపేశాయి. నీళ్ళు మాత్రం తళతళా మెరిశాయి.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. "నేనే మేత ఎక్కువేసి చంపాననుకున్నానమ్మా" అన్నాడు చివరికి. నాకు ఏం చెప్పాలో తోచలేదు. కాసేపటికి వాడే లేచి, వంటింటి క్యాలెండర్ మీద పాల లెక్క పక్కన ఆ రోజు రీడింగు రాశాడు.

మీ ఇంట్లోనూ ఇలాంటి తొట్టి ఉంటే ఇవి గుర్తుంచుకోండి:

• కుళాయి నీళ్ళలో క్లోరిన్ తీసేశాకే వాడండి. ఆరో నీళ్ళయితే మరీ మంచిది.

• ఆవిరైన మేరకు మామూలు శుద్ధమైన నీళ్ళే పొయ్యాలి, ఉప్పునీళ్ళు కాదు. ఉప్పు ఆవిరి కాదు కదా!

• ఫిల్టరు స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే పిండాలి. సబ్బు దగ్గరికి రానివ్వకండి.

• పాత ఇసక కుళ్ళిన గుడ్డు వాసన వస్తే మొహమాటపడకుండా పారెయ్యండి.

• పగడాలు అమ్ముతామంటే కొనకండి. 2001లో వాటిని వన్యప్రాణి చట్టం రక్షణలోకి తెచ్చారు. క్లౌన్ చేపల్ని మాత్రం మన దేశంలోనే హేచరీల్లో పెంచుతున్నారు, అవే అడగండి.

మా క్యాలెండర్ మీద ముప్ఫై ఎనిమిదో రోజుకి అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి దిగాయి. చిటికెడు మేత వేసి మర్నాడు చూసినా సున్నాయే. నైట్రేట్ తగ్గటానికి కొంత నీరు మార్చి, ముందు ఒక్క చేపనే తెచ్చాం. స్పాంజి పిండే పని ఇప్పుడు మావాడిదే. నన్ను తొట్టి దగ్గరికి రానిస్తాడు కాని, చేతిలో సబ్బు లేదని చూపిస్తేనే!