దొంగలెక్కల జాడ తీసే వృత్తి

రేపు కోర్టులో నిలబడేలా లెక్కలను విచారించే వృత్తి ఫోరెన్సిక్ అకౌంటింగ్. మామూలు ఆడిటర్ కొన్ని నమూనాలు తీసి చూసి, కంపెనీ ఖాతాలు మొత్తం మీద సక్రమంగా ఉన్నాయో లేదో అభిప్రాయం చెబుతాడు. ఫోరెన్సిక్ అకౌంటెంట్ అడుగుపెట్టేసరికి అనుమానం అప్పటికే పుట్టి ఉంటుంది. డబ్బు ఎక్కణ్నుంచి కదిలింది, ఎవరి చేతుల మీదుగా పోయింది, చివరికి ఎవరికి చేరింది అన్నది పద్దు పద్దునా తేల్చాలి. 1931లో అమెరికాలో అల్ కపోన్‌ను జైలుకు పంపింది హత్యానేరం కాదు, ఆదాయపు పన్ను ఎగవేత. ఆ కేసును నిలబెట్టింది ఇలాంటి లెక్కల పరిశోధనే.

దొంగలెక్క రాయడం తేలిక, దాచడం కష్టం. జమాఖర్చుల పద్ధతిలో ఒకవైపు రాసినదానికి రెండోవైపు జవాబు ఉండాలి. లేని అమ్మకం రాస్తే, ఆ డబ్బు ఎక్కడుందో కూడా రాయాలి. మొదట బాకీదారుల దగ్గర ఉందంటారు. బాకీ ఏళ్ల తరబడి వసూలు కాకపోతే ప్రశ్నలొస్తాయి కనుక, వసూలై బ్యాంకులో పడిందని రాయక తప్పదు. అబద్ధం దొరికేది అక్కడే, ఎందుకంటే బ్యాంకు లెక్క బ్యాంకుకు ఉంటుంది. పుస్తకంలోని అంకెను పుస్తకం బయటి సాక్ష్యంతో సరిచూడటమే ఈ వృత్తికి ప్రాణం.

హైదరాబాద్‌లోని సత్యం కంప్యూటర్స్ ఉదంతంలో ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. 2009 జనవరి 7న ఆ సంస్థ చైర్మన్ రామలింగరాజు బోర్డుకు రాసిన లేఖ ప్రకారం, పుస్తకాల్లో చూపిన రూ.5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో రూ.5,040 కోట్లు లేనే లేవు. రావాల్సి ఉందని రాసుకున్న వడ్డీలో రూ.376 కోట్లూ లేనిదే. ఆ లేఖలోని మరో లెక్కను నిదానంగా చూడాలి. 2008 జులై-సెప్టెంబరు త్రైమాసికానికి ఆదాయం రూ.2,700 కోట్లు, నిర్వహణ లాభం రూ.649 కోట్లు అని ప్రకటించారు. అసలు ఆదాయం రూ.2,112 కోట్లు, అసలు లాభం రూ.61 కోట్లు. రెండుచోట్లా తేడా సరిగ్గా రూ.588 కోట్లే. లేని అమ్మకానికి జీతాలు, అద్దెలు ఉండవు కాబట్టి, కల్పించిన ఆదాయంలో ప్రతి రూపాయీ నేరుగా లాభంలో కలిసిపోయింది. ఆ వ్యాపారంలో మూడు శాతం మిగిలిన చోట 24 శాతం లాభం కనిపించింది.

ఆ అమ్మకాలు ఎలా పుట్టాయో సీబీఐ దర్యాప్తులో తేలింది. బిల్లులు తయారుచేసే కంప్యూటర్ వ్యవస్థలోకి ప్రత్యేక అధికారంతో ప్రవేశించి 7,500కు పైగా దొంగ ఇన్వాయిస్‌లు ఎక్కించారు. వాటికి ‘దాచినవి’ అన్న గుర్తు తగిలించడంతో, నిజంగా పని చేసిన విభాగాల వారికి అవి కనిపించలేదు. ఫిక్స్‌డ్ డిపాజిట్ రశీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు కూడా నకిలీవే. బ్యాంకు నిల్వను కంపెనీ చేతికిచ్చిన కాగితంతో కాక నేరుగా బ్యాంకును అడిగి ధ్రువపరచుకోవాలన్నది ఆడిట్‌లో తొలి పాఠం. ఆ పాఠాన్ని పట్టుదలగా పాటించి ఉంటే ఇంత మోసం ఇన్నేళ్లు సాగేది కాదు. సరిచేసిన లెక్కలు బయటికి రావడానికి 2010 సెప్టెంబరు దాకా పట్టింది. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు 10 మందికి ఏడేళ్ల జైలుశిక్ష విధించింది. మరుసటి నెలలో అప్పీలు కోర్టు శిక్ష నిలిపివేసి బెయిలిచ్చింది.

రోజువారీ కేసులు ఇంత పెద్దవి కావు. ఒక సరఫరాదారు బ్యాంకు ఖాతా, కంపెనీ ఉద్యోగి ఖాతా ఒకటే కావచ్చు. మేనేజర్ సంతకం పరిమితి లక్ష అయితే, రూ.98,000 బిల్లులు వరసగా రావచ్చు. ఒక సంస్థ ఆరు నెలల్లో పంపిన బిల్లుల నంబర్లు 41, 42, 43 అని విడవకుండా సాగితే, ఆ సంస్థకు వేరే ఖాతాదారే లేడా అన్న ప్రశ్న వస్తుంది. బెన్‌ఫర్డ్ సూత్రం కూడా పనికొస్తుంది. సహజంగా ఏర్పడిన లెక్కల్లో సుమారు 30 శాతం అంకెలు ఒకటితో మొదలవుతాయి, తొమ్మిదితో మొదలయ్యేవి ఐదు శాతం లోపే. చేత్తో అల్లిన అంకెలు చాలాసార్లు ఈ పొందికకు లొంగవు. అయితే ఇవన్నీ ఎక్కడ వెతకాలో చెప్పే గుర్తులే, రుజువులు కావు.

ఈ పనిలో బరువైన భాగం మనుషులతోనే. డబ్బు తిన్నవాడు చాలాసార్లు అందరూ నమ్మిన పాత ఉద్యోగి. అతడు సెలవు పెట్టకపోవడాన్ని పై అధికారులు అంకితభావమనుకుంటారు. తన బల్ల దగ్గర మరొకరు కూర్చుంటే గుట్టు రట్టవుతుందన్నది అసలు కారణం కావచ్చు. అందుకే బ్యాంకుల్లో కీలక స్థానాల్లో ఉన్నవారికి ఏటా కనీసం 10 పనిదినాలు, ముందుగా చెప్పకుండా, తప్పనిసరి సెలవు ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నియమం పెట్టింది. డొనాల్డ్ క్రెసీ అనే అమెరికన్ పరిశోధకుడు 1953లోనే ఇలా నమ్మిన చోటే డబ్బు తిన్నవారిని అధ్యయనం చేశాడు. ఎవరికీ చెప్పుకోలేని డబ్బు ఇబ్బంది, అవకాశం, ‘తర్వాత కట్టేద్దాంలే’ అని తనకు తాను చెప్పుకునే సమాధానం కలిసినప్పుడు నమ్మకస్తుడే దారి తప్పుతాడని తేల్చాడు. అలాంటి మనిషి ఎదుట కూర్చుని కోపం, జాలి రెండూ పక్కనబెట్టి ప్రశ్నలడగాలి. విచారణ సాధారణంగా చుట్టూ ఉన్నవారితో మొదలై, అనుమానితుడితో ముగుస్తుంది. అప్పటికి కాగితాలన్నీ చేతిలో ఉండాలి.

నివేదికలో ‘ఇతడు దోషి’ అని రాయకూడదు. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఐసీఏఐ తెచ్చిన ఫోరెన్సిక్ ప్రమాణాలు 2023 జులై 1 నుంచి అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం అకౌంటెంట్ వాస్తవాలు చెప్పాలి, తీర్పు కోర్టు చెబుతుంది. నెలల తరబడి తవ్వినవారికి ఈ నిగ్రహం కష్టమే. కానీ ఒక్క మాట హద్దు దాటితే అమాయకుడి బతుకు పాడవ్వచ్చు, లేదా దోషి తప్పించుకోవచ్చు.

మోసాల పరిశోధకుల అంతర్జాతీయ సంఘం ఏసీఎఫ్ఈ 2024 నివేదిక ప్రకారం, బయటపడిన మోసాల్లో 43 శాతం ఎవరో ఒకరు సమాచారం ఇవ్వడం వల్లే బయటపడ్డాయి. బయటి ఆడిట్ పట్టుకున్నవి మూడు శాతమే. సమాచారం ఇచ్చినవారిలో సగానికి పైగా ఉద్యోగులు. 2013 కంపెనీల చట్టంలోని 177వ సెక్షన్ ప్రకారం, ప్రతి లిస్టెడ్ కంపెనీలో ఫిర్యాదుకు ఒక మార్గం, ఫిర్యాదు చేసినవారికి వేధింపుల నుంచి రక్షణ ఉండాలి. అకౌంట్స్ విభాగంలో పనిచేసేవారు తమ సంస్థలో ఆ మార్గం ఏమిటో ముందే తెలుసుకుని ఉండాలి. అనుమానం వస్తే ఎవరినీ నిలదీయకుండా, ఫైళ్లు మార్చకుండా, చూసినది చూసినట్టు తేదీతో రాసి ఆ మార్గంలోనే పంపాలి.