ఎడారి ఊళ్లలో మూడు రకాల నీళ్లు

జైసల్మేర్‌లో ఏడాదంతా కలిపి పడే వాన సగటున 200 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. కరవుకు మారుపేరైన మన అనంతపురంలోనే 550 దాకా పడుతుంది. అయినా కాలువలు, బోర్లు, ట్యాంకర్లు లేని కాలంలోనే ఆ థార్ ఎడారిలో ఊళ్లు వందల ఏళ్లు నిలబడ్డాయి. ఎలాగంటారా? అక్కడివాళ్లు నీళ్లను మూడు రకాలుగా చూస్తారు.

పాలర్ పానీ

అంటే నేరుగా పట్టుకున్న వాన నీరు. దీన్ని దాచుకోవడానికి నేలలో కట్టుకునే తొట్టె పేరు టాంకా. చుట్టూ నేలను గట్టిపరిచి, నీళ్లు తొట్టెలోకే జారేలా వాలు పెడతారు. చిన్న లెక్క వేద్దాం. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 200 చదరపు మీటర్ల నేల మీద 150 మిల్లీమీటర్లు పడితే 30 వేల లీటర్లు. మూడోవంతు ఇంకిపోయినా 20 వేలు మిగులుతాయి. ఆరుగురున్న ఇంట్లో తాగడానికి, వంటకు రోజుకు 60 లీటర్లు అనుకుంటే దాదాపు 11 నెలలు వస్తాయి!

వ్యవసాయానికైతే ఖడీన్. రాతి వాలు కింద పొడవాటి మట్టికట్ట వేసి వరద నీటిని పొలంలోనే ఆపుతారు. ఆ నీరు ఇంకాక, మిగిలిన తేమతోనే చలికాలంలో గోధుమ, శనగ పండిస్తారు.

రెజానీ పానీ

అసలు తెలివి ఇక్కడుంది. కొన్నిచోట్ల ఇసుక కింద జిప్సం పొర ఉంటుంది. ఇంకిన వాన కిందికి పోకుండా ఆ పొర మీద తేమగా నిలుస్తుంది. అక్కడిదాకా సన్నటి బావి తవ్వితే ఆ తేమ బొట్టు బొట్టుగా ఊరుతుంది. దీన్ని కుయీ అంటారు. రోజుకు వచ్చేది కొన్ని కుండలే, కానీ తియ్యటి నీళ్లు.

పాతాళ పానీ

జిప్సం పొర కిందున్న లోతు నీరు. చాలాచోట్ల ఉప్పగా ఉంటుంది. అందుకే ఆ పొరకు చిల్లు పెట్టరు. పెడితే పైనున్న మంచినీళ్లు కూడా ఉప్పునీళ్లలో కలిసిపోతాయి.

ఇంకో కట్టుబాటూ ఉంది. కుయీ ఒక ఇంటిది, కానీ అది పీల్చుకునే తేమ ఊరందరిది. కొత్త కుయీ తవ్వితే పాతవాటికి వాటా తగ్గుతుంది. కాబట్టి ఊరు ఒప్పుకోవాల్సిందే.

ఈ ఆలోచన మనకూ కొత్త కాదు. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం కొత్త బోరు వేయాలంటే అనుమతి తీసుకోవాలి. కానీ పక్కింటి బోరు ఎండిందంటే మనం చేసేదేంటి? ఇంకో వంద అడుగులు దింపడమే కదా! బోరు మన స్థలంలోదే, అడుగున నీళ్లు మాత్రం వీధి మొత్తానివి.

ఈసారి మీ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో కొత్త బోరు మాట వస్తే, ముందు ఒక్కటి అడగండి: మన టెర్రస్ మీద పడ్డ వాన ఎటు పోతోంది?