క్వెరీ (డేటాబేసు)

క్వెరీ అనగా డేటాబేసులో భద్రపరచిన సమాచారంలో నుండి కావలసిన భాగాన్ని మాత్రమే చూపమని అడిగే ప్రశ్న. తెలుగులో "ప్రశ్న" అనే అనవచ్చును గాని, వాడేవారి నోట క్వెరీ అనే మాటే స్థిరపడినది. మైక్రోసాఫ్ట్ యాక్సెస్, లిబ్రెఆఫీస్ బేస్ వంటి డెస్కుటాప్ డేటాబేసులలో పాఠశాల రిజిష్టరు, గ్రంథాలయపు పుస్తకాల జాబితా, చిన్న దుకాణం లెక్కలు వంటివి ఒకే ఫైలులో ఉంచుకొనవచ్చును. వీటిలో మొదటిది వెల చెల్లించి కొనవలసినది, రెండవది ఉచితం.

క్వెరీ నేర్చుకోవడంలో అసలు కష్టం ఆజ్ఞలను గుర్తుంచుకోవడంలో లేదు. ఆజ్ఞలో అక్షరదోషముంటే కంప్యూటరు ఆగిపోతుంది. ప్రశ్నే తప్పయితే మాత్రం ఆగదు. తప్పు జాబితాను కూడా ఒప్పు జాబితా వలెనే శుభ్రంగా చూపుతుంది. ఆ జాబితాను నమ్మి ఎవరికైనా ఫీజు రాయితీయో ప్రత్యేక తరగతో నిర్ణయిస్తే, జాబితాలో లేని పిల్లవాడు నష్టపోతాడు.

చరిత్ర

సమాచారాన్ని పట్టికలుగా అమర్చి, వాటి మధ్య సంబంధాల ద్వారా ప్రశ్నించవచ్చునని ఐబీఎం సంస్థలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ 1970లో ప్రతిపాదించాడు. ఇందుకు గాను 1981లో ఆయనకు ట్యూరింగ్ పురస్కారం లభించినది. అదే సంస్థకు చెందిన డోనాల్డ్ ఛాంబర్లిన్, రేమండ్ బాయిస్ 1974లో సీక్వెల్ అనే ప్రశ్నల భాషను ప్రకటించారు. ఆ పేరు వేరొకరి వ్యాపారచిహ్నం కావడం వలన తరువాత దానిని ఎస్‌క్యూఎల్ అని కుదించారు. 1986లో ఇది అమెరికాలో ప్రామాణిక భాషగా గుర్తింపు పొందినది. భాష రాకపోయినా గడులు నింపి ప్రశ్నించే పద్ధతిని కూడా ఐబీఎం లోనే, 1970వ దశకంలో, మోషే జ్లూఫ్ రూపొందించాడు. 1992లో విడుదలైన యాక్సెస్‌లో కనబడే గడుల చట్రం ఆ పద్ధతికి వారసురాలే.

ఉదాహరణ పట్టిక

క్రింది పట్టిక పేరు "విద్యార్థులు" అనుకుందాం. అడ్డు వరుసను రికార్డు అనీ, నిలువు వరుసను ఫీల్డు అనీ అంటారు.

సంఖ్య | పేరు | తరగతి | ఊరు | మార్కులు
101 | సీత | 10 | తణుకు | 82
102 | రాము | 10 | ఏలూరు | 34
103 | సలీమ్ | 10 | — | 71
104 | గిరిజ | 9 | తణుకు | 28
105 | జాన్ | 10 | భీమవరం | —
106 | రాధ | 9 | ఏలూరు | 55

గీత ఉన్నచోట గడి ఖాళీగా ఉన్నదని అర్థం. సలీమ్ ఊరు ఎవరూ నమోదు చేయలేదు. జాన్ పరీక్షకు రాలేదు.

మొదటి క్వెరీ

యాక్సెస్‌లో "క్రియేట్" విభాగంలోని "క్వెరీ డిజైన్" నొక్కి, పట్టికను ఎంచుకొని, కావలసిన ఫీల్డులను క్రింది చట్రంలోనికి దించాలి. "క్రైటీరియా" అనే గడిలో షరతు వ్రాయాలి. పదవ తరగతిలో 35 కంటే తక్కువ మార్కులు వచ్చినవారు కావాలంటే తరగతి క్రింద 10 అనీ, మార్కుల క్రింద <35 అనీ వ్రాస్తే చాలును. ఇదే ప్రశ్న ఎస్‌క్యూఎల్‌లో ఇలా ఉంటుంది:

సెలెక్ట్ పేరు, మార్కులు ఫ్రమ్ విద్యార్థులు వేర్ తరగతి = 10 అండ్ మార్కులు < 35;

(ఇక్కడ ఆజ్ఞలను తెలుగు లిపిలో చూపడమైనది, కంప్యూటరులో ఇంగ్లీషు అక్షరాలతోనే టైపు చేయాలి.) సెలెక్ట్ తరువాత ఏ ఫీల్డులు కావాలో, ఫ్రమ్ తరువాత ఏ పట్టిక నుండో, వేర్ తరువాత ఏ షరతుతోనో చెబుతాము. జవాబుగా రాము ఒక్కడే వస్తాడు. ఈ క్వెరీని భద్రపరిస్తే నిలిచేది ప్రశ్న మాత్రమే, జవాబు కాదు. రేపు మార్కులు మారితే అదే క్వెరీ కొత్త జవాబిస్తుంది. కాగితం మీది జాబితాకూ దీనికీ ఉన్న పెద్ద తేడా ఇదే.

ఫీల్డు పేరు తప్పుగా టైపు చేస్తే యాక్సెస్ "ఎంటర్ పేరామీటర్ వేల్యూ" అని ఒక చిన్న పెట్టెలో విలువ అడుగుతుంది. తెలియని పేరును అది వాడుకరి ఇవ్వవలసిన విలువగా భావించడమే ఇందుకు కారణం. క్రొత్తవారు అందులో ఏదో ఒకటి నింపి ముందుకు పోతుంటారు. అలా చేయరాదు, వెనుకకు వెళ్ళి పేరు సరిచూసుకోవాలి.

ఖాళీ గడి

ఊరు ఏలూరు అయినవారిని అడిగితే రాము, రాధ వస్తారు. ఏలూరు కానివారిని అడిగితే సీత, గిరిజ, జాన్ వస్తారు. మొత్తం అయిదుగురే. ఆరవవాడైన సలీమ్ రెండు జాబితాలలోనూ లేడు! డేటాబేసు దృష్టిలో ఖాళీ గడి అనగా "తెలియదు" అని అర్థం. దీనిని నల్ అంటారు. తెలియని ఊరు ఏలూరు అవునో కాదో చెప్పలేము గనుక ఏ షరతుకూ ఆ రికార్డు లొంగదు. అదే విధంగా 35 కంటే తక్కువ వచ్చినవారిలోనూ, 35 లేక అంతకు మించి వచ్చినవారిలోనూ జాన్ కనబడడు. పరీక్షే వ్రాయని పిల్లవాడు వెనుకబడినవారి జాబితాలో చేరకపోవడం చిన్న విషయం కాదు. అటువంటివారు కూడా కావాలంటే "<35 ఆర్ ఈజ్ నల్" అని విడిగా అడగాలి.

సగటు లెక్కలోనూ ఇదే చిక్కు. పై మార్కుల మొత్తం 270. యావరేజ్ ఫంక్షను ఖాళీని వదలి అయిదుగురికే భాగించి 54 అంటుంది. జాన్‌కు సున్న వేస్తే సగటు 45 అవుతుంది. రాని మార్కునూ సున్న మార్కునూ ఒకటిగా చూడాలా వద్దా అన్నది కంప్యూటరు తేల్చే విషయం కాదు.

అండ్, ఆర్

తొమ్మిదవ తరగతిలో తణుకు లేక ఏలూరు పిల్లలు కావాలనుకొని "ఊరు = 'తణుకు' ఆర్ ఊరు = 'ఏలూరు' అండ్ తరగతి = 9" అని వ్రాస్తే గిరిజ, రాధలతో పాటు పదవ తరగతి సీత కూడా వస్తుంది. గణితంలో కూడిక కంటే గుణకారం ముందు చేసినట్లు, ఇక్కడ ఆర్ కంటే అండ్ ముందు పనిచేస్తుంది. ఊళ్ళ షరతులు రెండింటినీ కుండలీకరణాలలో ఉంచాలి. గడుల చట్రంలోనైతే ఒకే అడ్డు వరుసలోని షరతులు అండ్‌తోను, వేర్వేరు వరుసలలోనివి ఆర్‌తోను కలుస్తాయి; కనుక 9 అనే షరతును రెండు వరుసలలోనూ వ్రాయాలి.

అక్షరాలు, తేదీలు

కంప్యూటరుకు "సుబ్బారావు", "సుబ్బా రావు" ఇద్దరు మనుష్యులు. రాజమండ్రి, రాజమహేంద్రవరం రెండు ఊళ్ళు. పేరులో కొంత భాగంతో వెదకడానికి లైక్ అనే మాట ఉన్నది: యాక్సెస్‌లో లైక్ "రాజ*" అని, ప్రామాణిక ఎస్‌క్యూఎల్‌లో నక్షత్రానికి బదులు శాతం గుర్తుతో వ్రాయాలి.

తేదీ విషయంలో మనవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. యాక్సెస్ ఎస్‌క్యూఎల్‌లో #05/06/2024# అంటే జూన్ 5 కాదు, అమెరికా వాడుక ప్రకారం మే 6.

రెండు పట్టికలు

ఫీజు రసీదులు వేరే పట్టికలో ఉన్నప్పుడు విద్యార్థి సంఖ్య ద్వారా రెండింటినీ కలపాలి. దీనిని జాయిన్ అంటారు. కలపడం మరచిపోతే ప్రతి విద్యార్థికీ ప్రతి రసీదూ జతపడుతుంది. ఆరుగురికి ఎనిమిది రసీదులుంటే 48 వరుసలు వస్తాయి. సరిగా కలిపినా, మామూలు జాయిన్‌లో ఫీజు కట్టినవారే కనబడతారు. కట్టనివారి కోసం లెఫ్ట్ జాయిన్ వాడి, రసీదు సంఖ్య ఈజ్ నల్ అని అడగాలి.

మార్చే క్వెరీలు

అప్‌డేట్, డిలీట్ క్వెరీలు పట్టికలోని సమాచారాన్నే మారుస్తాయి. యాక్సెస్ ఒకసారి హెచ్చరిస్తుంది. "ఎస్" నొక్కిన తరువాత అన్‌డూ ఉండదు. అదే షరతును ముందు సెలెక్ట్‌తో నడిపి, వచ్చిన వరుసలను లెక్కించి చూసుకొని, ఫైలుకు ఒక నకలు తీసిపెట్టుకొన్న తరువాతనే డిలీట్ నడపాలి. వేర్ భాగం వ్రాయడం మరచిన డిలీట్ క్వెరీ పట్టికలోని రికార్డులన్నిటినీ తొలగిస్తుంది.