ఆస్ట్రేలియాలో సాంప్రదాయ విల్లు వేట

ఆస్ట్రేలియాలో సాంప్రదాయ విల్లు వేట అనగా కప్పీలు, గురిచూపే సాధనాలు మొదలైన యంత్రభాగాలు లేని సాధారణ విల్లుతో అడవి జంతువులను వేటాడటం. ఇక్కడ "సాంప్రదాయ" అన్న విశేషణం ఆయుధానికి చెందినదే గాని దేశానికి చెందినది కాదు. ఈ వేటకు లక్ష్యమయ్యే పంది, మేక, దుప్పి, కుందేలు, నక్క, దున్న అన్నీ 1788 తరువాత వలస వచ్చినవారు ఓడలలో తెచ్చినవే. కంగారూ మొదలైన స్వదేశీ జంతువులకు చట్టరక్షణ ఉన్నది. వాటిపై వినోదానికి బాణం వేయడం నేరం. అందువలన ఆ దేశంలో విల్లు వేటను గురించిన చర్చ వేటగానితో ఆగక, ఏ జంతువు ఆ నేలకు చెందినది, ఏది కాదు, కానిదానిని ఎవరు ఎట్లా తొలగించాలి అనే ప్రశ్నలకు దారితీస్తుంది.

చరిత్ర

ప్రధాన భూభాగంలోని ఆదివాసులు విల్లును వాడలేదు. ఈటె, దానిని దూరం విసరడానికి తోడ్పడే వూమెరా అనే కర్రసాధనం, బూమరాంగ్ వారి ఆయుధాలు. ఉత్తరాన టోరెస్ జలసంధి ద్వీపాలలో మాత్రం వెదురు విల్లు వాడుకలో ఉండేది. 1770 ఆగస్టులో జేమ్స్ కుక్ తూర్పు తీరం వెంబడి ప్రయాణించి ఆ జలసంధి దగ్గరకు చేరినపుడు ఒక మనిషి చేతిలో విల్లమ్ములు చూసి, ఈ తీరంలో వీటిని చూడటం ఇదే మొదలని తన దినచర్యలో వ్రాసుకున్నాడు. పొరుగున విల్లు ఉన్నా దక్షిణానికి అది ఎందుకు వ్యాపించలేదన్న విషయమై పండితులలో ఏకాభిప్రాయం లేదు.

నేటి విల్లు వేటకు మూలం ఆ ద్వీపాలలో లేదు. అది 20వ శతాబ్దంలో అమెరికా నుండి వచ్చినది. కాలిఫోర్నియాలో యాహి తెగకు చెందిన ఇషి అనే వ్యక్తి 1911లో కొండలు దిగి పట్టణానికి వచ్చాడు. తన తెగలో మిగిలినవాడు ఆయన ఒక్కడే. ఆయనకు వైద్యం చేసిన శాక్స్టన్ పోప్ ఆయన వద్దనే విల్లు చేయడం, వేటాడటం నేర్చుకొని, 1923లో విల్లు వేటపై పుస్తకం ప్రచురించాడు. ఆంగ్లం మాట్లాడే దేశాలలో ఈ వేట మళ్ళీ మొలకెత్తడానికి ఆ పుస్తకం ముఖ్యకారణం. చివరకు మిగిలిన ఒక ఆదివాసి విద్య, ఆదివాసులు విల్లే వాడని ఖండంలో "సంప్రదాయం" అయినది.

విల్లు, అమ్ము, పద్ధతి

సాంప్రదాయ విల్లులలో రెండు రకాలు ముఖ్యమైనవి. ఒకటి నిలువెత్తు పొడవైన లాంగ్‌బో. రెండవది కొనలు వెనుదిరిగి వంగిన రికర్వ్. వీటికి పోటీ కాంపౌండ్ విల్లు. హాలిస్ విల్బర్ ఆలెన్ అనే అమెరికన్‌కు 1969లో దానిపై పేటెంట్ లభించింది. కాంపౌండ్ విల్లులో నారిని పూర్తిగా లాగిన తరువాత కప్పీల వలన భారం చాలావరకు తగ్గిపోతుంది. అందుచేత వేటగాడు నింపాదిగా గురి చూడగలడు. సాంప్రదాయ విల్లులో దీనికి విరుద్ధంగా, లాగిన కొద్దీ భారం పెరుగుతుంది. పూర్తిగా లాగిన స్థితిలో రెండు మూడు క్షణాలకు మించి నిలపడం కష్టం. కాబట్టి గురి అలవాటు మీద, చేతివాటం మీద ఆధారపడుతుంది.

దీని ఫలితం దూరంలో కనిపిస్తుంది. సాంప్రదాయ విల్లుతో సాధారణంగా 20 మీటర్ల లోపలికి వెళ్ళితేగాని బాణం వదలరు. పందికి చూపు అంత గొప్పది కాదు, కాని వాసన పట్టడంలో దానికి సాటి తక్కువ. అందుచేత గాలివాటు చూసుకొని, గాలికి ఎదురుగా, ఎండుటాకు చప్పుడు కాకుండా గంటల తరబడి నడవాలి. అధిక సందర్భాలలో వేటగాడు వట్టి చేతులతోనే తిరిగివస్తాడు. బాణం చంపే తీరు కూడా తుపాకీకి భిన్నం. గుండు దెబ్బకు శరీరం అదురుతుంది. వాడి అంచులు గల ములికి కోతపెట్టి, రక్తస్రావం వలన చంపుతుంది. ఊపిరితిత్తులకు సరిగా తగిలితే జంతువు కొద్ది దూరంలోనే పడిపోతుంది. కొంచెం వెనుకకు, అనగా పొట్టలో తగిలితే గంటలు పట్టవచ్చు. అందుకే బాణం వేసిన తరువాత వెంటనే తరమక, కొంతసేపు వేచి ఉండి నెత్తుటి జాడను బట్టి వెదకాలని సంఘాలు శిక్షణ ఇస్తాయి. ఈ పొట్టదెబ్బే ప్రత్యర్థుల వాదనకు ప్రధాన ఆధారం.

చుక్కల దుప్పి కథ

ఆస్ట్రేలియాలో ఆరు జాతుల జింకలు అడవిపాలై స్థిరపడ్డాయి. వాటిలో చుక్కల దుప్పి, కణితి మన అడవులలోనివే. 1861లో విక్టోరియాలో కొత్త నేలకు పరదేశపు జంతువులను అలవాటు చేయడానికి ఒక సంఘం ఏర్పడింది. కణితి ఆ దశాబ్దంలోనే అక్కడి అడవులకు చేరింది. క్వీన్స్‌లాండ్‌లో ఛార్టర్స్ టవర్స్‌కు ఉత్తరాన ఉన్న మేరీవేల్ పశుక్షేత్రంలో 1886లో నాలుగు చుక్కల దుప్పులను వదిలారు. ఆ ప్రాంతపు మందలు వాటి సంతానమే.

చుక్కల దుప్పి నేడు తెలంగాణ రాష్ట్ర జంతువు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం భారతదేశంలో దానిని వేటాడటం నేరం. అదే దుప్పి క్వీన్స్‌లాండ్ జీవభద్రతా చట్టం (2014) దృష్టిలో హానికర జంతువు. అడవిలో తిరిగే దానికి మేత వేయడం, దానిని మరొక చోటికి తరలించి వదలడం అక్కడ నేరం. చంపడం నేరం కాదు. ఇంకా దక్షిణాన విక్టోరియాకు వెళితే 1975 నాటి వన్యప్రాణి చట్టం క్రింద జింకలు రక్షణ గల వేటజంతువులు. ప్రభుత్వ భూములలో లైసెన్సు లేనిదే వాటిని వేటాడరాదు. అక్కడ పాడా జింకలను వేటాడే గడువు ఏటా ఏప్రిల్ నెలకే పరిమితం. జంతువు ఒకటే, దాని నడవడి ఒకటే, సరిహద్దు దాటగానే దాని పేరు మారుతున్నది.

చట్టాలు

వేట రాష్ట్రాల అధికారంలోని విషయం. టాస్మానియాలో విల్లు వేట నిషిద్ధం. న్యూ సౌత్ వేల్స్‌లో 2002 నాటి చట్టంతో ఏర్పడిన గేమ్ కౌన్సిల్ లైసెన్సులు ఇచ్చి, ప్రకటించిన ప్రభుత్వ అడవులలో వేటకు అనుమతించేది. ఒకే సంస్థ వేటను ప్రోత్సహిస్తూ, దానిని అదుపు కూడా చేయడం తగదన్న విమర్శ తరువాత 2013లో దానిని రద్దు చేసి పనిని ప్రభుత్వ శాఖకు అప్పగించారు. దక్షిణ ఆస్ట్రేలియాలో విల్లు వేటను నిషేధించాలన్న ప్రతిపాదన 2024లో తీవ్ర వివాదానికి దారితీసింది.

నియంత్రణకు తోడ్పడుతుందా?

వేటగాళ్ళ సంఘాలు తమను సంరక్షకులుగా చెప్పుకుంటాయి. పందులు చిత్తడి నేలలను తవ్వి, సముద్ర తాబేళ్ళ గుడ్లను తిని, పంటలను పాడుచేస్తాయన్నది నిజం. అయితే లెక్కలు ఈ వాదనకు పూర్తిగా అనుకూలించవు. పంది ఏడాదికి రెండు ఈతలు ఈనగలదు. వాటి సంఖ్య పెరగకుండా నిలపాలంటే ఏటా 70 శాతం వరకు తొలగించవలసి ఉంటుందని నిపుణుల అంచనా. 20 మీటర్ల దూరానికి పాకి ఒక్కొక్క దానిని కొట్టే పద్ధతి ఆ స్థాయిని అందుకోలేదు. అసలు మొత్తం ఎన్ని ఉన్నాయన్నదే స్థిరంగా తెలియదు. జిమ్ హోన్ అనే శాస్త్రవేత్త 1990లో దేశంలోని అడవిపందులను సుమారు 1 కోటి 35 లక్షలుగా అంచనా కట్టాడు. దాదాపు ముప్పై ఏళ్ళ తరువాత ఆయనే చేసిన సవరణలో ఆ సంఖ్య 32 లక్షలకు తగ్గింది. ఈ తేడాలో ఎక్కువ భాగం అంచనా పద్ధతికి సంబంధించినదే.

మరొక చిక్కు ఉన్నది. వేట కొనసాగాలంటే వేటజంతువు మిగిలి ఉండాలి. పశ్చిమ ఆస్ట్రేలియాలో 2005లో ప్రచురితమైన జన్యు పరిశోధనలో కొన్ని చోట్ల పందులను మనుషులే రహస్యంగా తెచ్చి వదిలినట్లు తేలింది. ఇది అందరు వేటగాళ్ళకు అంటగట్టదగినది కాదు, కాని సంరక్షణవాదుల అనుమానం గాలిలో పుట్టినది కాదని దీనివలన తెలుస్తుంది. ఇన్వేసివ్ స్పీసీస్ కౌన్సిల్ వినోద వేటను ప్రధాన నియంత్రణ మార్గంగా అంగీకరించదు. ఆర్.ఎస్.పి.సి.ఎ. సంస్థ వినోదం కోసం చంపడాన్నే వ్యతిరేకిస్తుంది.

విల్లు పక్షం వారికీ చెప్పుకోదగిన మాట ఉన్నది. ప్రభుత్వాలు వాడే మార్గాలు 1080 అనే విషపు ఎర, బోను, హెలికాప్టర్ నుండి కాల్పులు. 1080 పశ్చిమ ఆస్ట్రేలియాలోని కొన్ని మొక్కలలో సహజంగానే ఉండటం వలన అక్కడి స్వదేశీ జంతువులు దానిని కొంత తట్టుకుంటాయి. ఇతర ప్రాంతాల వాటికి, పెంపుడు కుక్కలకు ఆ వెసులుబాటు లేదు. బాణం విషం కాదు, చప్పుడు చేయదు, ఇళ్ళకు దగ్గరగా ఉన్న పొలాలలో తూటా అంత దూరం పోదు. మాంసం వంటింటికి చేరుతుంది.

ప్రజల మనసు కూడా సమానంగా లేదు. 2000 అక్టోబరులో న్యూ సౌత్ వేల్స్‌లోని గై ఫాక్స్ రివర్ జాతీయవనంలో 600కు పైగా అడవి గుర్రాలను హెలికాప్టర్ల నుండి కాల్చినపుడు దేశమంతటా ఆగ్రహం చెలరేగి, ఆ రాష్ట్ర జాతీయవనాలలో గుర్రాలపై ఆ పద్ధతిని ఆపివేశారు. కోషియస్కో జాతీయవనంలో 2023లో దానిని తిరిగి అనుమతించారు. అదే విధంగా చచ్చే పందులకోసం ఇంతటి అలజడి లేచిన దాఖలా లేదు.

ఆదివాసుల దృక్పథం

ఆదివాసులకు వేట వినోదం కాదు, హక్కు. 1994లో క్వీన్స్‌లాండ్‌లో ముర్రాండూ యానర్ అనే ఆదివాసి అనుమతిపత్రం లేకుండా రెండు మొసలి పిల్లలను పట్టినందుకు కేసు పెట్టారు. 1999లో ఆస్ట్రేలియా హైకోర్టు, అనగా ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం, రాష్ట్ర చట్టం ఆయన సాంప్రదాయ హక్కును రద్దు చేయలేదని తీర్పు చెప్పింది.

పరదేశపు జంతువుల విషయంలో వారి వైఖరి ఒకే తీరుగా లేదు. ఉత్తర భూభాగంలోని దున్నలు 19వ శతాబ్దపు తొలి భాగంలో ఆసియా నుండి తెచ్చినవి. అవి మడుగులను తొక్కి చెడగొడతాయి. అయినా ఆర్న్‌హెమ్ లాండ్ కుటుంబాలకు కొన్ని తరాలుగా అవి ఆహారం. విల్లు పట్టుకొని బయటినుండి వచ్చే వేటగాళ్ళు భూయజమానులకు చెల్లించే రుసుము కొంత ఆదాయం కూడా. ఆ మందలను పూర్తిగా తొలగించాలా, కొంత మిగుల్చుకోవాలా అన్నది అక్కడ ఒక్కొక్క తెగ తన భూమిని బట్టి తేల్చుకుంటున్న విషయం.