వ్యాయామశాల నుండి వైద్యశాలకు

యోగమనగానే గుహలు, జటలు, మౌనము స్ఫురించిన కాలమొకటి ఉండినది. వ్యాధి పీడించినపుడు యోగమును తలచుట నాటి జనులకు అలవాటు లేదు. ఈ రెంటి నడుమ బాట వేసినవారిలో స్వామి కువలయానందులు ముఖ్యులు. ఆయన వైద్యులు కారు, వృత్తిచేత అధ్యాపకులు. పాఠములు చెప్పిన వ్యక్తి రోగుల సేవకు ఎట్లు చేరుకొనినారన్నదే ఆ జీవితములోని విశేషము.

ఆయన అసలు పేరు జగన్నాథ గణేశ గుణే. 1883లో గుజరాతులోని డభోయిలో జన్మించినారు. సంస్కృతమున ప్రతిభ చూపి విద్యార్థి వేతనము పొందినారు. బరోడాలో చదువుకొనుచు, 1907 నుండి 1910 వరకు రాజరత్న మాణిక్‌రావు గారి వ్యాయామశాలలో శిక్షణ పొందినారు. తరువాత అమల్నేరులో విద్యాబోధన చేసి, అచటి జాతీయ కళాశాలకు ప్రధానాచార్యులైనారు. 1919లో నర్మదాతీరమున మాల్సరులోని పరమహంస మాధవదాసు గారిని గురువుగా ఆశ్రయించినారు.

గురువు మాటను నమ్మి అభ్యసించుట ఒక మార్గము. ప్రశ్నించి పరీక్షించుట మరియొక మార్గము. సాధారణముగా ఒకదానిని పట్టినవారు రెండవదానిని విడుతురు. కువలయానందులు రెంటిని విడువలేదు. 1920-21లో కొందరు విద్యార్థుల సహాయముతో బరోడా ఆసుపత్రి ప్రయోగశాలలో ఉడ్డియాన బంధమును, నౌలిని పరీక్షింప మొదలిడినారు.

ఊపిరిని పూర్తిగా విడిచి, పొట్టను వెనుకకును పైకిని లాగుకొనుట ఉడ్డియానము. ఆ స్థితిలో పొట్ట నడిమి కండరములను బిగించి, స్తంభము వలె ముందుకు తెచ్చి త్రిప్పుట నౌలి. నీటిలో కూర్చుండి పెద్దప్రేగులోనికి నీటిని పీల్చుకొను బస్తిక్రియను హఠయోగులు పూర్వము నుండి ఎరుగుదురు. కాని నీరు పైకి ఏల ఎక్కవలెను? కువలయానందులు లోపలి పీడనమును కొలిపించినారు. నౌలి చేయునపుడు అది బయటి గాలి పీడనము కంటె తగ్గుచున్నదని తేలినది. పుల్లతో పానీయము పీల్చునపుడు నోటిలో పీడనము తగ్గుటచేతనే గదా పానీయము పైకి వచ్చుచున్నది! ఇచ్చటను కారణమదియే. ఈ స్థితికి ఆయన తన గురువు పేరు పెట్టి 'మాధవదాస శూన్యము' అనినారు.

ఇందులో సాహసము కొంచెము కాదు. పరీక్షకు ఒప్పుకొనుట యనగా ఓటమికి కూడ ఒప్పుకొనుటయే. పాదరసము మరియొక తీరున కదలియున్నచో శిష్యుడేమి చేయవలసి యుండెడిది? ఆ ప్రశ్నను ముందుగనే స్వీకరించిన వానికే ప్రయోగశాలలో అడుగిడు అర్హత కలదు.

1924లో ఆయన లోనావళాలో కైవల్యధామమును స్థాపించినారు. 'యోగమీమాంస' అను పత్రికను గూడ ఆ యేటనే ప్రారంభించి, ఎక్స్‌రే పరీక్షల ఫలితములను ప్రకటించినారు. 1927లో గాంధీ మహాత్ముడు అస్వస్థులైనపుడు ఆసనములను గూర్చి ఆయనతో ఉత్తరప్రత్యుత్తరములు జరిపినారు. 1936లో బొంబాయి సముద్రతీరమున ఈశ్వరదాస్ చునీలాల్ యోగ ఆరోగ్యకేంద్రము వెలసినది. 1961లో లోనావళాలో యోగ చికిత్సాలయము ఏర్పడినది. 1963లో డాక్టరు వినేకరుతో కలిసి ఆయన వ్రాసిన యోగచికిత్సా గ్రంథమును కేంద్ర ఆరోగ్యశాఖ ప్రచురించినది. 1966లో ఆయన కీర్తిశేషులైనారు.

ఆ ప్రయోగములను చదువు విద్యార్థి ఒక భేదమును గమనింపవలెను. నౌలియందు పీడనము తగ్గునని ఋజువగుట వేరు. దానివలన ఫలానా వ్యాధి నయమగునని ఋజువగుట వేరు. మొదటిదానికి ఒక కొలత, కొందరు అభ్యాసకులు చాలుదురు. రెండవదానికి అనేకులైన రోగులు కావలెను. అభ్యసించినవారిని అభ్యసింపనివారితో పోల్చవలెను. ఫలితమును చాల కాలము గమనింపవలెను. కువలయానందులు తెరచినది మొదటి ద్వారము. తరువాతి ద్వారములలో కొన్నిటి వద్ద నేటికిని పరిశోధన జరుగుచునే యున్నది.

2014లో ఐక్యరాజ్యసమితి జూన్ 21ని అంతర్జాతీయ యోగదినముగా ప్రకటించినది. యోగ బోధకులు నేడు ఆసుపత్రులలోను పనిచేయుచున్నారు. వ్యాయామశాలలో ఎదుట నిలుచువారు ఆరోగ్యవంతులు. ఇచ్చట ఎదుట కూర్చుండువారు వ్యాధిగ్రస్తులు. శీర్షాసనము కంటిలోని పీడనమును పెంచును గావున నీటికాసుల రోగికి అది తగదు. గర్భిణికి ఉడ్డియానము కూడదు. ఏ ఆసనము ఎవరికి నేర్పవలెనో తెలియుట ఎంత అవసరమో, ఎవరికి నేర్పరాదో తెలియుట అంతకంటె అవసరము. మందు మానుమని చెప్పు అధికారము బోధకునకు లేదు. వైద్యుని సలహాను అనుసరించి తన పనిని సాగింపవలెను.

తరగతి గదిలో మంచి ఉపాధ్యాయుడు పాఠమునకు ముందు పిల్లవానిని ఎరుగును. రోగి ముందు నిలుచు యోగ బోధకునకును ముందు కావలసినది ఆ ఎరుకయే.